రేపటికి దాచిన మాత్రలు

నొప్పి పదికి ఎంత ఉందో చెప్పమని ఇప్పటి నర్సింగు పిల్లలు రోగుల్ని అడిగి రాసుకుంటున్నారు. మా రోజుల్లో ఆ పద్ధతి లేదు. మేము చెవితో కొలిచేవాళ్లం. గట్టిగా అరిచినవాళ్లకి ఎక్కువ నొప్పి, మూలిగినవాళ్లకి కొంచెం నొప్పి, నోరెత్తనివాళ్లకి నొప్పి లేనట్టే. ఆ కొలత ఎంత తప్పో నాకు తెలియజెప్పింది ఒక ముసలావిడ. ఆవిడకి నేను చేసిన అన్యాయం కూడా చెబితే గాని ఈ సంగతి పూర్తిగా చెప్పినట్టు కాదు.

ఎనభైల మొదట్లో మాట. గోదావరి కాలవ ఒడ్డునున్న చిన్న పట్నంలో ఆసుపత్రి. ఊరి పేరూ మనుషుల పేర్లూ చెప్పను. కొందరి పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. నేను ఆడవాళ్ల వార్డులో స్టాఫ్ నర్సుని. చేరి నాలుగేళ్లయింది. అన్నీ వచ్చేశాయని అనుకునే వయసు.

మేమంతా మామ్మ అని పిలిచే ఆ ముసలావిడది ఉప్పాడ. చేపలు పట్టే కుటుంబం. డెబ్బై దాటి ఉంటాయి. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఆ తీరంలో ఆడవాళ్లకి బాగా ఉండేది. దాంతో అంగిట్లో పుండు పడి కాన్సరుగా తేలింది. విశాఖపట్నంలో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించారు. కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ దవడకి పాకింది. ఇక చెయ్యగలిగింది లేదని అక్కడి డాక్టర్లు పంపించేస్తే, మా ఊరి బజార్లో ఎండుచేపలు అమ్ముకునే కూతురు తెచ్చి మా దగ్గర చేర్చింది.

రౌండుకి వెళ్లినప్పుడల్లా మంచం దగ్గర ఆగి అడిగేదాన్ని.

"నొప్పుందా మామ్మా?"

"పరవాలేదమ్మా. ఓర్సుకుంటాను."

కేసు షీటులో 'నొప్పి లేదు' అని రాసి పక్క మంచానికి వెళ్లిపోయేదాన్ని. పక్కన స్పెషల్ గదిలో ఒక షావుకారుగారి తల్లి ఉండేవారు. ఆవిడది తుంటి ఎముక. కదిపితే చాలు వీధి దాకా వినబడేలా అరిచేవారు. ఆవిడకి అడిగినప్పుడల్లా ఇంజక్షన్. మామ్మకి పూటకో మాత్ర. ఆవిడ్ని నేను 'మీరు' అనేదాన్ని, మామ్మని 'నువ్వు' అనేదాన్ని. అప్పట్లో అది నాకు తప్పుగా తోచలేదు. పైగా మామ్మ మంచి పేషెంటని అందరితో చెప్పేదాన్ని. పేచీ లేదు, పిలుపు లేదు.

ఒక్క విషయంలోనే కోపం వచ్చేది. దుప్పటి అంచు దారాలు లాగి, రోజంతా వాటికి ముడులు వేస్తూ కూర్చునేది. వల అల్లే చేతులు కదా, ఊరుకోవనుకున్నాను. "గవర్నమెంటు దుప్పట్లమ్మా ఇవి, పాడు చెయ్యకు" అని రెండుసార్లు కసిరాను. అన్నం ముట్టకపోతే మా వంట నచ్చలేదనుకున్నాను. పడుకోకుండా గోడకి చేరగిలబడి కూర్చుంటే సముద్రం హోరు లేక నిద్ర పట్టడం లేదేమోలే అనుకున్నాను. ప్రతిదానికీ నా దగ్గర ఒక సమాధానం ఉండేది.

చేరిన పన్నెండో రోజు మధ్యాహ్నం ఆవిడ చీర మారుస్తుంటే కొంగు మూట నా చేతికి గట్టిగా తగిలింది. విప్పి చూస్తే మాత్రలు. మేమిచ్చిన నొప్పి మాత్రలే. పంతొమ్మిది. నేను చేతిలో పెట్టడం, ఆవిడ నీళ్లు తాగడం, ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. మాత్ర గొంతు దిగిందో లేదో నేను ఒక్కరోజు కూడా చూడలేదన్నమాట.

అంతకు ముందు ఏడాదే మా వార్డులో ఒకావిడ ఏదో మింగేసి చనిపోయింది. "చచ్చిపోదామనుకుంటున్నావా మామ్మా?" అని అరిచాను. వార్డంతా మా వైపు తిరిగింది. మామ్మ మూట కోసం చెయ్యి చాపింది. దవడ బిగుసుకుపోయి మాట ముద్దగా వచ్చేది.

"రేపటికమ్మా... రేపటికి."

ఆ మాట నాకెలా వినబడి ఉంటుందో మీరే ఊహించండి. పరుగెత్తి హెడ్ సిస్టరుకి చెప్పాను. ఆవిడ డ్యూటీ డాక్టరుగార్ని పిలిచారు. మామ్మని చూసే లేడీ డాక్టరుగారు సెలవులో ఉన్నారు. ముసలావిడ ప్రాణం తీసుకునేలా ఉంది, ముందు నిద్రపుచ్చండన్నారు డ్యూటీ డాక్టరుగారు. రెండు ఇంజక్షన్లు. మామ్మ వద్దు వద్దని చెయ్యి లాక్కుంది. ఆ చెయ్యి కదలకుండా పట్టుకున్నది నేనే.

మర్నాడు పొద్దున్న ఏడింటికి కూతురు వచ్చింది. ఉతికిన చీర, తలకి నూనె, దువ్వెన తెచ్చింది.

"ఒక్క పూట పర్మిషనివ్వండమ్మా. సాయంత్రానికి మళ్లీ తెచ్చి పడుకోబెట్టేత్తాను."

"ఎక్కడికి?"

"ఉప్పాడకండి. ఇళ్ల స్థలాలకి ఆఫీసరుగారొత్తారు ఇయాల. మా అమ్మ సెప్పాలి."

అప్పుడు తెలిసింది. మామ్మ వాళ్ల వీధి మొత్తం సముద్రంలో కలిసిపోయింది. ఒక్కరోజులో కాదు, ఏడాదికి రెండిళ్లూ మూడిళ్లూ చొప్పున. ఆ కుటుంబాలకి లోపలి వైపు స్థలాలిస్తామని గవర్నమెంటు ఒప్పుకుంది. కానీ పంచాయతీ పాత పుస్తకం ఉప్పునీళ్లకి తడిసింది. ఇంటి నంబర్లు కనబడుతున్నాయి, పేర్లు అలికేసినట్టయిపోయాయి. మొదటి ఇల్లు ఎవరిది, రెండోది ఎవరిదని వరసగా చెప్పగల పెద్ద మనిషి కావాలి. మగవాళ్లు ముగ్గురు చెబితే మూడు వరసలు వచ్చాయట. మామ్మకి మాత్రం తప్పు పోదు. ముప్ఫై ఏళ్లు తెల్లారకుండానే గంప ఎత్తుకుని, ఒక్కో గుమ్మం ముందూ ఆగి కేకేసి, ఆడవాళ్లందర్నీ లేపి సంతకి బయల్దేరదీసింది ఆవిడే.

మాట్లాడితే అంగిట్లో నిప్పు పెట్టినట్టుంటుంది. అందుకని రోజూ మాత్రలు మానుకుని, అన్నీ ఆ ఒక్క రోజుకి దాచుకుంది. ముందే చెబితే మేము పంపించబోమని కూతురి నోరు కూడా కట్టేసింది.

లేపడానికి చూశాం. మొహం మీద నీళ్లు చల్లాం. కళ్లు తెరిచింది గాని మమ్మల్ని గుర్తుపట్టలేదు. కూతురు దువ్వెన పట్టుకుని పది గంటల దాకా ఆ మంచం పక్కనే నిలబడింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

సాయంత్రం పూర్తిగా తెలివొచ్చాక మామ్మ కిటికీ లోంచి ఎండ ఎటున్నదో చూసింది. తర్వాత నా వైపు చూసింది. గోడ వైపు తిరిగి పడుకుంది.

సాక్ష్యం కుదరక ఆఫీసరుగారు తిరిగి వెళ్లిపోయారనీ, ఊళ్లోవాళ్లు బతిమాలితే వచ్చే వారం ఇంకొక్కసారి వస్తానన్నారనీ మర్నాడు కబురొచ్చింది. రెండు రోజులు మామ్మ నాతో మాట్లాడలేదు. మూడో రోజు లేడీ డాక్టరుగారు సెలవు నించి వచ్చారు. నాకంటే రెండేళ్లు పెద్దేమో. జరిగింది చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నన్ను తిట్టలేదు. స్టూలు లాక్కుని మామ్మ ఎదురుగా కూర్చున్నారు.

"మామ్మగారూ, నిన్నట్నించీ మీరు చెయ్యలేకపోయిన పనులేంటండి?"

మామ్మ వేళ్లు మడవడం మొదలుపెట్టింది. "మింగడం," అంది. "పడుకోడం. ఆవలించడం. మనవడి పేరెట్టి పిలవడం."

'నొప్పుందా' అని నేను రోజుకి నాలుగుసార్లు అడిగాను. ఆ మాటలేవీ నాకు రాలేదు. డాక్టరుగారు దుప్పటి అంచు చేతిలోకి తీసుకుని చూశారు. ఒక చోట ముడులు వదులుగా, మరో చోట గోరు కూడా దూరనంత బిగువుగా ఉన్నాయి. "ఇవెప్పుడు వేశారు?" అని అడిగితే, "పేనం పోతన్నప్పుడమ్మా. ఏదోటి పట్టుకోవాలి కదా" అంది.

"మరి మందెందుకు వద్దంటున్నారు?"

"ఆ సూదిమందేత్తే మత్తు. నా బుర్ర నాకు కావాలి. ఆ వీధి ఇప్పుడు నా బుర్రలోనే ఉందమ్మా, ఇంకెక్కడా లేదు."

డాక్టరుగారు ఒక ఒప్పందం చేసుకున్నారు. మార్ఫిన్ ద్రావకం, నోటితో తాగేది, కొద్ది కొద్దిగా నాలుగు గంటలకోసారి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. ఎంత ఇస్తే నొప్పి తగ్గి తెలివి మిగులుతుందో చూసి అంతే ఇస్తారు, చుక్క ఎక్కువ ఉండదు. మా ఫార్మసిస్టుగారు మొదట ఒప్పుకోలేదు. "ఎక్సైజు వాళ్లొస్తే నేనేం చెప్పాలండి? మార్ఫిన్‌ని దగ్గుమందులా సీసాలో పోసి ఇవ్వమంటారేంటండి?" అని ఒక పూటంతా గొణిగారు. డాక్టరుగారు కాగితం మీద సంతకం పెట్టాక, కొలిచి కొలిచి కలిపి ఇచ్చారు.

తెలివి ఎంత ఉందో చూడటమెలా? దానికి ఉపాయం మామ్మే చెప్పింది. మందు తాగిన గంటకి వీధి అప్పజెబుతుంది, నేను రాసుకోవాలి. నా డ్యూటీ కానప్పుడు కూడా వచ్చి కూర్చునేదాన్ని. ఉత్తరం వైపు మొదటిది పెద్ద వలోళ్లది. రెండోది కుంటి తాతది. మూడోది ఇద్దరు పెళ్లాలోడిది. అలా పదహారు గుమ్మాలు. మొదటి రోజు ఆరో గుమ్మం దగ్గరే నొప్పికి ఆగిపోయింది. మందు పెంచాం. పదకొండో గుమ్మం దగ్గర నిద్రపోయింది, పైగా తమ్ముడి ఇల్లు రెండుసార్లు చెప్పింది. నేను చెబితే తెల్లబోయింది. ఆవిడ కళ్లలో భయం చూసింది నేను అప్పుడే. కొంచెం తగ్గించాం. మలబద్ధకం పట్టుకుంటే డాక్టరుగారు ఆముదం రాశారు. "ఇదేం పెద్ద డాటరమ్మా, మా అమ్మమ్మ కూడా ఇదే ఇచ్చేది" అని మామ్మ నవ్వబోయి దవడ పట్టుకుంది. ఐదో రోజు పదహారు గుమ్మాలూ ఒక్కటీ తప్పకుండా, మధ్యలో ఆగకుండా అప్పజెప్పింది. నా చేతిలో కాగితం తడిసిపోయింది, చెమటకి.

ఆ రోజు వచ్చింది. సెలవు పెట్టి నేనూ వెళ్లాను. సీసా, కొలత గ్లాసు నా సంచిలో ఉన్నాయి. పొద్దున్న ఆరింటికొకటి, బస్సు దిగాక పదింటికొకటి ఇచ్చాను. తర్వాతది రెండింటికి. పదిన్నరకి రావలసిన ఆఫీసరుగారు ఒంటిగంట నలభైకి వచ్చారు. జీపు ఎక్కడో దిగబడిందట.

ఒడ్డున పడవ నీడలో చాప వేసి మామ్మని కూర్చోబెట్టాం. ఉప్పాడలోనే ఉండే ఆవిడ కొడుకు వెనక వీపుకి ఆనుకుని కూర్చున్నాడు. చుట్టూ నూటికి పైగా జనం. ఆఫీసరుగారు బల్ల మీద పుస్తకం పరిచి "మొదలెట్టమ్మా" అన్నారు. మామ్మ సముద్రం వైపు చెయ్యి చాపింది. ఆటుపోటుకి ఒక బావి వర అంచు నీళ్లలోంచి తేలుతూ మునుగుతూ ఉంది. "అదుగో, అది మా వీధి మొదట్లో నుయ్యి. దాని పక్కది పెద్ద వలోళ్లది" అని మొదలుపెట్టింది.

రెండయింది. నేను సీసా తియ్యలేదు. మధ్యలో ఇస్తే మళ్లీ మత్తొస్తుందేమో, ముందు పూర్తి చెయ్యనీ అనుకున్నాను. పోయిన వారం ఇచ్చి తప్పు చేశాను కదా, ఈసారి ఇవ్వకుండా తప్పు చేస్తున్నాననే ఊహే రాలేదు. రెండూ ఇరవై. తొమ్మిదో గుమ్మం. మామ్మ ఆగింది. చాప అంచు రెండు చేతుల్తో పట్టుకుంది. దవడ బిగిసిపోయింది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి గాని గొంతులోంచి చిన్న మూలుగు కూడా లేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మరిచిపోయిందన్నారెవరో. నేను సీసా చేత్తో పట్టుకుని ఆవిడ మొహంలోకి చూస్తూ అలాగే ఉండిపోయాను.

మామ్మ నా మణికట్టు పట్టుకుంది.

"నా మొహం సూడకమ్మా. సూత్తే నీకు సెయ్యాడదు. గడేరం సూడు."

చూశాను. గ్లాసులో పోశాను. ఆ చేదు మందు మింగడానికి ఆవిడకి మూడు గుక్కలు పట్టింది. మూడూ నేను మింగినట్టే ఉంది.

"మందు పని చెయ్యడానికి అరగంట పడుతుందండి" అన్నాను ఆఫీసరుగారితో.

"అరగంటా? ఇంకో ఊరు వెళ్లాలమ్మా నేను. ఆ మిగతావి ఇంకెవరైనా చెప్పండి." ఆయన పుస్తకం మీద చెయ్యి వేశారు.

నేను లేచి ఆయన ముందుకి వెళ్లాను. "అయ్యా, పోయిన వారం ఆవిడ రాకపోవడానికి కారణం నేనండి. బాగానే ఉన్న మనిషికి ఇంజక్షనిచ్చి పడుకోబెట్టాం. ఇప్పుడు మందు వేళ దాటనిచ్చింది కూడా నేనే. ఆవిడ తప్పు ఒక్కటీ లేదు. ఈ అరగంట నా కోసం ఆగండి."

నూరు మంది ముందు చెప్పేశాను. హెడ్ సిస్టరుకి తెలిస్తే మెమో ఖాయం. ఆఫీసరుగారు నన్నూ మామ్మనీ మార్చి మార్చి చూసి, పుస్తకం మూసి, తిరగేసిన తెప్ప మీద కూర్చున్నారు. ఎవరో కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు. నేను గడియారమే చూస్తూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలకి చాప మీద ఆవిడ వేళ్లు వదులయ్యాయి. ఇంకో పదికి తలెత్తింది.

"తొమ్మిదో ఇంటి దగ్గర ఆపావమ్మా" అన్నారు ఆఫీసరుగారు, బల్ల దగ్గరికి వచ్చి పుస్తకం తెరుస్తూ.

"మధ్యలోంచి రాదండి బాబూ. మొదట్నించీ నడవాలి."

జనం ఘొల్లున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ గొంతు పదహారు దాకా ఆగుతుందా అన్నదే నా భయం. మళ్లీ నుయ్యి దగ్గర మొదలుపెట్టింది. ఎనిమిది. తొమ్మిది. పదకొండు. పన్నెండో ఇల్లు మా నాన్నదని ఒకతను లేచి గొడవ పెట్టాడు. మామ్మ అతని వైపు తిరిగి, "మీ నాన్న ఆ అరుగు మీద పడుకునేవోడు నాయనా. ఇల్లు మీ మేనమామది. మీ అత్తని తెల్లారగట్ల లేపబోయి రోజూ మీ నాన్న కాలు తొక్కేదాన్ని" అంది. అతను కూర్చున్నాడు. పదమూడు. పద్నాలుగు. పదిహేనో గుమ్మం చెప్పేటప్పటికి మాట గాలిలా వస్తోంది. ఆఫీసరుగారు బల్ల మీద నించి ముందుకి వంగి చెవి ఒగ్గారు. పదహారోది ఆవిడ ఇల్లే.

తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. సాయంత్రం ఆరింటికి లేపి మందిచ్చి మళ్లీ పడుకోబెట్టాను.

మెమో వచ్చింది. జవాబు రాసుకున్నాను. అంతకంటే పెద్ద మార్పేమిటంటే, ఆ తర్వాత ముసలివాళ్ల 'పరవాలేదు'ని నేను నమ్మడం మానేశాను. తవ్వితే ఒక్కొక్కరి వెనకాల ఒక్కో కారణం ఉండేది. చెబితే డాక్టరుగారు విసుక్కుంటారని ఒకాయన దాచాడు. కొడుకు భయపడతాడని ఒకావిడ. ఈ వయసులో ఇది మామూలేనండీ అని చాలామంది. ఇంకో సంగతి. ఆ షావుకారుగారి తల్లి అంత అరవడానికి సగం కారణం, మా ఇంజక్షన్ ఒకసారి అందితే మళ్లీ ఎప్పుడో అన్న భయమే. ఆవిడకి కూడా వేళ ప్రకారం ఇవ్వడం మొదలుపెట్టాక, ఆ గదిలోంచి కబుర్లు వినబడేవి.

మామ్మ మరో నలభై రోజులు బతికింది, మా ఊళ్లో కూతురింట్లోనే. కూతురికి గడియారం చూడటం నేర్పాను. చివరి వారం మందు పెంచాల్సి వచ్చింది. ఇక అప్పజెప్పేది ఏమీ లేదు కాబట్టి మామ్మ ఎంతైనా పొయ్యమంది. ఒక మధ్యాహ్నం మనవడు పక్కన కూర్చుని ఉండగా, నిద్రలోనే పోయింది. నేను డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం వెళ్లి చూశాను. దవడ మీద బిగువు లేదు.

రెండు నెలల తర్వాత కొడుకు వార్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో మడిచిన కాగితం. అతనికి చదువు రాదు. ఊళ్లో ఎవరి చేతైనా చదివించుకోవచ్చు, గంటన్నర బస్సులో నా దగ్గరికి తెచ్చాడు.

"ఆర్డరొచ్చిందండి. మీరు సదివితే వినాలని."

చదివాను. పేర్లన్నీ మామ్మ అప్పజెప్పిన వరసలోనే ఉన్నాయి. పదహారింటికి పద్నాలుగు మంజూరయ్యాయి. రెండు ఇళ్ల తాలూకు మనుషులెవరూ రాలేదని కొట్టేశారు.

"రెండు పోయాయా" అన్నాడతను. "అమ్మ ఉంటే ఊరుకునేది కాదండి."

కాగితం మడిచి ఇవ్వబోయాను. అతను తీసుకోలేదు. గోడకి చేరబడి, కళ్లు మూసుకున్నాడు.

"ఇంకొక్కసారి సదవండమ్మా. మెల్లిగా. మొదట్నించి."

చదివాను.